సున్నా దాటిన ముల్లు

"మిగిలిన తూటాలు నేను కొలుస్తాలే నాన్నా," అంటూ పొడవు కొలిచే కాలిపర్ అందుకున్నాను.

"దాన్ని ముట్టుకోకు ట్వైలా!"

ఎల్క్ దుప్పుల వేటలో చేతిలోనే రైఫిల్ పేలిపోయి అన్నయ్య లైల్ చనిపోయి ఏడాదైంది. తూటాలు నాన్న ఇంట్లో మందు పోసి, గుండు బిగించి స్వయంగా నింపినవే. అయినా తప్పు తుపాకీ కంపెనీదేనని ఆయన దావా వేశాడు. రేపే వాయిదా. మిగిలిన తూటాల పొడవు రాసిమ్మని బిల్లింగ్స్ పట్నంలోని మా లాయరు అడిగాడు.

కొలిచే ముందు కాలిపర్ మూసి చూడమని మాకు నేర్పింది నాన్నే. మూశాను. ముల్లు సున్నా దగ్గర ఆగలేదు, ఇరవై గీతలు దాటింది.

"నాన్నా, ఇది ఎక్కువ చూపిస్తోంది! అంటే నువ్వు సరిగ్గా ఉన్నాయనుకున్నవన్నీ పొట్టివే. గుండు తూటాలో మరీ లోపలికి దిగి, ఒత్తిడి పెరిగి..."

"తెలుసు. వాణ్ణి పాతిపెట్టి వచ్చాక చూశాను."

"మరి కంపెనీ మీద దావా ఎందుకు వేశావు?"

"నా బిడ్డను చంపిందెవరని మీ అమ్మ అడిగింది. నా పేరు నోట రాలేదు."

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయా?"

కాలిపర్ నాన్న చేతిలో పెట్టాను.

"అడుగుతోందిగా. వెళ్లి చెప్పు."