తాళాలతని దస్తూరి

"ఇదేంటయ్యా, నా మరకని కూడా దించేశావు!"

చేతిరాత మాస్టారు కళ్లజోడు సవరించుకుని కాపీ పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తిప్పారు. పై వరసలో ఆయన రాసిచ్చిన వాక్యం, దాని మధ్యలో పెన్ను కక్కిన సిరా మరక. కింద పన్నెండు వరసలు, పన్నెండు మరకలు. తలకట్లు, ఒత్తులు, సున్నలు అచ్చు గుద్దినట్టున్నాయి. ఏది తన రాతో, ఏది శిష్యుడిదో ఆయనకే తెలియడం లేదు.

"ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కదండీ" అన్నాడు, వీధి చివర తాళాలు బాగుచేసుకునే అతను.

నలభై దాటిన ఈ శిష్యుడు మాస్టారికి ఓ పట్టాన అంతుబట్టడం లేదు. మూడు నెలల్లో ఒక్కరోజు నాగా పెట్టలేదు. చూసి రాయమంటే ముత్యాలు పేరుస్తాడు. చెబుతాను రాయమంటే మాత్రం ఒకరోజు వేలు తెగిందంటాడు, ఇంకోరోజు కొట్టు దగ్గర ఎవరో కాచుకుని ఉన్నారంటూ లేచిపోతాడు. నిన్నటికి నిన్న మాస్టారు పొరపాటున ఒకే మాట రెండుసార్లు రాసిస్తే, కిమ్మనకుండా అలాగే దించి పెట్టాడు. వెక్కిరిస్తున్నాడా? మనిషిని చూస్తే అలా లేడే!

క్లాసు అయ్యాక విషయం విని మాస్టారి భార్య తేల్చిపారేసింది.

"పక్క వీధిలో కొత్తగా క్లాసు పెట్టారే, వాళ్లే పంపుంటారు. మీ దస్తూరి కాజేసి రేపు అక్కడ నేర్పిస్తాడు, చూస్తూ ఉండండి."

ఆ మాట మాస్టారిని పురుగులా తొలిచింది. మర్నాడు ఇక ఆపుకోలేకపోయారు.

"నిజం చెప్పు. నిన్నెవరు పంపారు?"

తాళాలతను బిత్తరపోయాడు. "ఎవరూ పంపలేదండీ. అక్షరాలు నేర్పేది ఎక్కడని అడిగితే మీ గుమ్మం చూపించారు."

"నేర్చేసుకున్నావుగా! నాకంటే బాగా రాస్తున్నావు. ఇంకా నా దగ్గర ఏం పని?" మాస్టారి గొంతు లేచింది. "నీకు రానిదంటూ ఏం మిగిలిందయ్యా?"

గదిలో తక్కినవాళ్ల పెన్నులు ఆగిపోయాయి. తాళాలతను పుస్తకం మూశాడు, మళ్లీ తెరిచాడు. చెవులదాకా ఎర్రబడి, మాస్టారికి మాత్రమే వినపడేటట్టు వంగాడు.

"నాకు చదవడం రాదు మాస్టారూ."