కుండీలు జరిపిన మనిషి

“ఈ కుండీ ఇక్కడ ఉండకూడదే!”

పరిశోధకురాలు చేతిలోని పటం చూసింది. మళ్ళీ కుండీ చూసింది. చీటీ మీద ఇరవై మూడు అని ఉంది. ఉండాల్సింది తలుపు పక్కన. ఉన్నది పడమటి అద్దాల గోడ దగ్గర.

అదొక్కటే కాదు. తొంభై ఆరు టమాటా మొక్కల్లో ఒక్కటీ తన చోట లేదు.

ఆ గాజు షెడ్డులో నీళ్ళు పోసే మనిషి ఒక్కతే. కాంట్రాక్టరు పంపిన పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటుంది.

“ఎవరు జరిపారివి?”

“నేనేనమ్మా. రోజూ పొద్దున్నే ఒక్కో చోటు ముందుకు జరుపుతున్నాను.”

“రోజూనా! ఎవరు జరపమన్నారు?”

“ఎవరూ అనలేదు. అన్నిటికీ ఒకటే ఎండ తగలాలి కదా అని...”

“ఇది పెరటి తోట కాదు పెద్దమ్మా, పరిశోధన!”

“చీటీలు ముట్టుకోలేదమ్మా. ఏ మొక్క చీటీ ఆ మొక్కకే ఉంది.”

“రేపట్నుంచి రావద్దు.”

పెద్దావిడ మగ్గు కడిగి బోర్లించింది. “వెళ్ళొస్తానమ్మా” అని వెళ్ళిపోయింది.

పరిశోధకురాలి భయం ఆమెది. టమాటాలో ఒక జన్యువుల కుటుంబం ఉంది. ఇరవై పైచిలుకు సభ్యులు. ఇంటి పెద్దల్లాంటివి. తాము ఒళ్ళు వంచవు, మిగతా జన్యువులను లేపి పని చేయిస్తాయి. ఎండదెబ్బ తగలగానే వాటిలో ఏది ముందు లేస్తుందో ఆమె కనిపెట్టాలి. తెలిస్తే, మండుటెండలోనూ పూత రాలని రకాలు తయారు చేయొచ్చు. తెలియకపోతే ఆమె ఉద్యోగం ఊడుతుంది.

ముందు రోజే చీటీలు మాత్రమే చూసుకుంటూ గంటగంటకూ కోసిన ఆకులు ఇక పనికిరావనుకుంది. పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. డీప్ ఫ్రీజర్‌లో ఒక మూల తోసేసింది.

మళ్ళీ విత్తనాలు వేసింది. మునుపటిలాగే ఎండకు తట్టుకునే రకం సగం, తట్టుకోనిది సగం. ఈసారి బల్లల మీద సుద్దతో గుండ్రాలు గీసింది. ఒక్క కుండీ కదల్లేదు.

నాలుగు నెలలకు ఫలితాలు వచ్చాయి. అంతా గందరగోళం. పడమటి అద్దం పక్క మొక్కల్లో జన్యువులన్నీ లేచి కూర్చున్నాయి. ఫ్యాను కింద మొక్కల్లో అన్నీ గుర్రుపెట్టి నిద్రపోతున్నాయి. రకానికీ రకానికీ మధ్య తేడా లేదు. తేడా అంతా బల్లకీ బల్లకీ మధ్యే!

థర్మామీటరు పట్టుకుని షెడ్డంతా తిరిగింది.

పడమట నలభై నాలుగు. ఫ్యాను కింద ముప్పై ఏడు.

‘అన్నిటికీ ఒకటే ఎండ తగలాలి కదా’ అన్న పెద్దావిడ మాట గుర్తొచ్చింది.

మర్నాడు ఫ్రీజర్ తెరిచి పాత ఆకులు పరీక్షకు పెట్టింది. పది రోజుల్లో జవాబు వచ్చింది. ఎక్కడా తికమక లేదు. ఎండకు తట్టుకునే రకంలో ముందు లేచేది తొమ్మిదో జన్యువు.

కాంట్రాక్టరును అడిగి నంబరు తీసుకుని ఫోన్ చేసింది. పెద్దావిడ కూతురు ఎత్తింది.

“అమ్మ పోయి నెల దాటిందండీ. మీరెవరు?”

“గాజు షెడ్డు నుంచి... రావద్దన్నది నేనే.”

“ఓ, మీరా! అమ్మకి మీ మీద కోపం లేదండీ. ‘ఆ పిల్లకి విడమరిచి చెప్పాల్సింది, నాకే చేతకాలేదు’ అనేది.”

ఏడాది సెలవు ముగించుకుని ఆమె ప్రొఫెసర్ ఆ వారమే తిరిగొచ్చారు. ఎండకు తట్టుకునే ఆ టమాటా రకం ఆయనదే. ఆయనకు పేరు తెచ్చిందీ అదే. ఆమె ఫలితాలు ఆయన ముందు పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పింది.

“మనిషి ఎలా ఉండేది?”

“పొడుగు సార్. ఎడమ చెవి వినబడదు. ప్రతి మొక్క మొదలునూ మునివేళ్ళతో తడిమి చూసేది.”

ఆయన కళ్ళజోడు తీశారు.

“ముప్పై ఏళ్ళ కిందట ఎండకు మాడిన టమాటా తోటంతా దున్నేయమన్నది నేను, ‘ఇదొక్కటి చావలేదు, ఆగండి’ అని ట్రాక్టరుకు అడ్డంగా కూర్చున్నది అక్కడ కూలికొచ్చిన ఆవిడే” అన్నారు, “ఈ రకమంతా ఆ మొక్క సంతానమేనమ్మా, నేను చేసింది దాని మీద పరిశోధన పేపరు రాయడమే.”