ఫ్రిజ్‌లో నాలుగు లోకాలు

పుస్తకాలు కంటిచుక్కలుగా మారి ఇరవై ఏళ్లయింది. సీసాకో నవల, సీసాలో చుక్కలన్నీ వేసుకుంటే చదివేసినట్టే. అయినా పైడితల్లిది ఆత్రపడే చదువు కాదు. శ్రావణమాసానికని మాయాలోకాల కథలు రెండు, గ్రహాంతర కథలు రెండు కొని, ఆదివారానికొకటి చొప్పున క్యాలెండరులో రాసుకుని, ఫ్రిజ్‌లో వెన్నగిన్నె పక్కన దాచుకుంది.

మొదటి ఆదివారం తలంటుకుని వచ్చేసరికి నాలుగు సీసాలూ ఖాళీ. భర్త సింహాచలం కళ్లు మూసుకుని నవ్వుకుంటున్నాడు.

"నా నెలంతా ఒక్కపూటలో ఏసేసుకున్నావేటి!"

"మొదటిది కళ్లమంట మందనుకుని ఏసినానే. మిగతావి ఆగలేక ఏసినాను."

పైడితల్లి అగ్గిమీద గుగ్గిలమైంది. "అయితే ఆరానికొకటి నీ నోటితో చెప్పు. చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పు."

సింహాచలం మొదలుపెట్టాడు. నాలుగు కథలూ కలగాపులగమై, రెక్కలగుర్రం రాకెట్టులో ఇరుక్కుంది. అంగారకుడి మీద రాణికి అచ్చం పైడితల్లి కోపమే వచ్చింది.

"ఇది ఏ సీసాలోది?"

"ఏమో మరి."

నాలుగు ఆదివారాలూ అలాగే గడిచాయి, చిక్కుడుకాయలు అయిపోయినా పైడితల్లి అతన్ని లేవనివ్వలేదు. భాద్రపదం రాగానే పైడితల్లి కొత్త సీసాలు నాలుగు తెచ్చి, మూతలు తీసి అతని ముందు పెట్టింది.

"ఏటి, కళ్లు మండుతున్నాయా?"