వన్, టూ, త్రీ

"మా అమ్మ ఏదమ్మా ఇందులో?" అంటూ బేకరీ ఆయన ఆల్బమ్‌ను స్టూడియో బల్ల మీద తెరిచిపెట్టాడు.

ఆయన గొంతులో కోపం లేదు. కోపంగా ఉన్నా బాగుండేదనిపించింది బల్ల వెనకున్న పిల్లకి. పదహారేళ్లది, స్టూడియో ఫోటోగ్రాఫర్‌కి ఒక్కగానొక్క కూతురు. వచ్చేపోయేవాళ్లంతా ఆ పిల్లను అసిస్టెంటమ్మ అంటారు.

పది రోజుల కిందట ఆయన కొత్త బేకరీ తెరిచినప్పుడు తండ్రీ కూతుళ్లిద్దరూ వెళ్లి ఫోటోలు తీశారు. రిబ్బన్ కత్తిరించింది ఆయన తల్లే. మొన్న ఆదివారం ఆవిడ నిద్రలోనే పోయింది. ఆల్బమ్ మొత్తం మీద ఆవిడ ఒక్కచోటే ఉంది, కత్తెర పట్టుకుని, తల వంచుకుని. నెరిసిన పాపిట తప్ప ముఖం కనబడదు.

"గోడకి పెట్టుకుందామంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదమ్మా. ఎప్పుడు తీయబోయినా చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ రోజు మీ నాన్నగారే ఎలాగో ఒప్పించి, వాకిలి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను చూశాను కదా. వన్, టూ, త్రీ అంటూ పది పన్నెండైనా తీసుంటారు. మా అమ్మ నోరారా నవ్వింది. అవి ఎందుకు పెట్టలేదు?"

పిల్లకి ఆ రోజు గుర్తొచ్చింది. ఆవిడ వద్దు వద్దని చెయ్యి ఊపడం చూసే తను అటునుంచి కదిలింది. లోపల పొయ్యి దగ్గర పనివాళ్లు పిండి చేతులతో వరసగా నిలబడి, మేం మనుషులం కాదా, మాకూ ఒకటి తియ్యమ్మా అని వేళాకోళమాడితే వెళ్లి తీసింది. పట్టుమని పావుగంట కూడా లేదు. ఆ కాస్తలోనే ఆవిడ కుర్చీలో కూర్చుందన్నమాట.

ఆల్బమ్‌లో ఉన్నవన్నీ తను తీసినవే. ఆ సంగతి బయటివాళ్లెవరికీ తెలియదు.

ఎనిమిది నెలల కిందట ఒక స్కూలు వార్షికోత్సవంలో నాన్న తీసినవి కంప్యూటర్లో పెట్టి చూసింది. ఒక్కటంటే ఒక్కటి కుదరలేదు. ముఖాలన్నీ నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. నాన్న చూపు పోతోందని అప్పుడే అర్థమైంది. ఆయన మాత్రం కళ్లజోడు మారిస్తే సరిపోతుందనేవాడు. పాతికేళ్లుగా నలుగురూ మెచ్చుకున్న చెయ్యి అది. ఆ మనిషితో ఆ మాట ఏ నోటితో అంటుంది? అనలేదు. స్నేహితురాళ్ల పుట్టినరోజులకి ఫోటోలు తీసి కూడబెట్టుకున్న డబ్బుతో ఒక పాత కెమెరా కొనుక్కుని, నేనూ వస్తాను నాన్నా, పని నేర్చుకుంటానంది. ఆయన సంబరపడిపోయి తన కెమెరాలో ఉన్న మెమరీ కార్డు తీసి ఇచ్చాడు. నా దగ్గర ఇంకోటుందిలే అన్నాడు.

అప్పటినుంచీ ఆయన భుజం పక్కనే నిలబడి, ఆయన దేనికి కెమెరా ఎత్తితే దానికి తనూ ఎత్తేది. నీవాటితోనే ఆల్బమ్ చెయ్యి, చాలకపోతే నావి అడుగు అనేవాడాయన. చాలకపోవడమనేది రానిచ్చేది కాదు. అడిగితే ఆయనవి చూడాలి, చూస్తే దాచిందంతా బయటపడుతుంది. మీ చెయ్యి మీదేనండీ అని ఎవరైనా పొగిడితే ఆయన నవ్వేవాడు. తను తల దించుకునేది. ఆయన ముఖం చూసి పని ఇచ్చేవాళ్లే గానీ, పాలబుగ్గల పిల్లను నమ్మి ఎవరిస్తారు?

ఈ రోజు అడగక తప్పలేదు. పన్నెండింటిలో ఒక్కటి కాస్త తేటగా ఉన్నా చాలు, కంప్యూటర్ ముందు ఎన్ని గంటలైనా కూర్చుని బాగుచేస్తాననుకుంది. బేకరీ ఆయనను కూర్చోమని చెప్పి, నల్ల తెర తొలగించుకుని వెనకగదిలోకి వెళ్లింది.

నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బయటి మాటలన్నీ చెవిన పడ్డట్టే ఉంది. కెమెరా సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నాన్నా, బేకరీలో తీసినవి ఒకసారి ఇస్తావా? నావి చాల్లేదు."

ఆయన సంచి మీద పట్టు సడలించాడు. సంచిలోంచి కెమెరా తనే తీసుకుంది. పక్కనున్న చిన్న మూత తెరిచింది. కార్డు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

సంచి అరలన్నీ తడిమింది. అద్దం తుడిచే గుడ్డ తప్ప ఏమీ తగల్లేదు.

"ఇంకో కార్డుందన్నావు కదా నాన్నా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

పిల్ల కెమెరా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పూర్వం ఆయన ఎప్పుడూ వన్, టూ, త్రీ అనేవాడు కాదు. లెక్కపెడితే మనుషులు ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మలైపోతారు, నవ్వు దానంతటది వచ్చినప్పుడే పట్టుకోవాలి అని తనకే ఎన్నోసార్లు చెప్పాడు. అలాంటి మనిషి ఈ ఎనిమిది నెలలుగా, ప్రతి ఫోటోకీ, పక్కవాళ్లకి వినబడేలా గొంతెత్తి లెక్కపెడుతున్నాడు. ఆ లెక్క కుర్చీలో కూర్చున్నవాళ్ల కోసం కాదు.

"దొరికాయా అమ్మా?" బయటినుంచి బేకరీ ఆయన ఆశగా అడిగాడు.

నాన్న చెయ్యి చాచాడు. రెండడుగుల దూరంలో నిలబడ్డ కూతురి కోసం అటూ ఇటూ గాల్లో తడిమాడు. పిల్ల ముందుకు జరిగి ఆ చేతిని పట్టుకుంది.

"ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావనుకున్నానమ్మా" అన్నాడు.