గడపకు అడ్డంగా

పొద్దున్నే తలుపు తీయగానే చెంగల్రాయుడి గుండె గుభేలుమంది. ఈ రోజూ వచ్చేశారు!

అంతా కుర్రకారు. అంగడి గడపకు అడ్డంగా, మెట్ల మీద, కింద నేల మీద వరసగా పడుకుని ఉన్నారు. అడుగు పెట్టడానికి సందు లేదు. చెంగల్రాయుడు చప్పుడు చేయకుండా వెనక్కి జరిగి, కాఫీ పొడి డబ్బాల పక్కన ముడుచుకుని కూర్చున్నాడు.

"కంపెనీ కాఫీ మనకొద్దు! కంపెనీవోడు ఊరిడిసి పోవాల!"

కేకలకు పుంగనూరు బజారు బజారంతా దద్దరిల్లింది. చెంగల్రాయుడు చెవులు మూసుకున్నాడు.

మద్రాసు కాఫీ కంపెనీ మీద కోపం అది. మదనపల్లెలో ఒక బ్రాంచి, కుప్పంలో ఒక బ్రాంచి, ఇప్పుడు పుంగనూరులో ఒకటి. ఎక్కడ దాని బోర్డు లేస్తే అక్కడ చిన్న అంగళ్ళు మూతపడుతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా కుర్రాళ్ళ రక్తం చల్లారలేదు. కల్లంగళ్ళ ముందు పడుకుని జైలుకు వెళ్ళొచ్చిన పెద్దల దగ్గర నేర్చుకున్న విద్య ఇది. కర్ర అక్కర్లేదు, రాయి అక్కర్లేదు. ఊరికే పడుకుంటే చాలు. పడుకున్న మనిషిని దాటిపోవడానికి ఈ సీమలో ఎవరికి కాలాడుతుంది?

ఇత్తడి డబ్బా పట్టుకుని మంగమ్మవ్వ వచ్చింది. గడప ముందు ఆగిపోయింది.

"ఎట్ల దాటేదిరా నాయనా! దాటితే మీకు ఎదుగుదల ఉండదు గదరా!"

కుర్రాళ్ళ నాయకుడు మునిరత్నం కళ్ళు గట్టిగా మూసుకుని నినాదాలు ఇస్తున్నాడు. ముసలామె మాట అతని చెవికి ఎక్కితేగా! మంగమ్మ బుగ్గలు నొక్కుకుని, వీధి మలుపులో ఉన్న అంగడికి పోయింది.

తర్వాత మిషన్ బడి అయ్యవారు థామస్ వచ్చాడు. ఆయనకు ఇలాంటి పట్టింపులు లేవు. కాలు ఎత్తాడు కూడా. అరుగుల మీది ఆడవాళ్ళు "అయ్యవారూ!" అని ఒక్క అరుపు అరిచేసరికి, ఎత్తిన కాలు వెనక్కి పెట్టుకుని ఆయనా మలుపు తిరిగాడు.

మొన్నటి నుంచీ ఇదే వరస. మలుపులో అంగడికి తిరునాళ్ళ సందడి. ఇక్కడికి పురుగు కూడా రాలేదు.

"లేసి పొండప్పా అని ఒక్క మాట సెప్పరాదా?" వెనక గదిలోంచి భార్య సుభద్రమ్మ గుసగుసలాడింది.

"నీకు తెల్దే! మదనపల్లెలో ఒకాయన అట్లే అన్నాడంట. 'ఓహో, నువ్వు కంపెనీ మనిసివా' అని తలుపులు పీకి బజార్లో ఏసినారంట. ఆయప్ప కట్టుగుడ్డలతో బస్సెక్కినాడు."

సుభద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆలుమగలకు పిల్లాజెల్లా లేరు. పొయ్యీ పడకా అన్నీ ఆ అంగడి వెనక గదిలోనే. తలుపులు పీకితే ఎక్కడికి పోవాలి?

"మద్దేన్నం బస్సుకు కంపెనీ పెద్దాయన వస్తాండాడు," చెంగల్రాయుడు ఆమె చెవిలో చెప్పాడు. "ఆయప్ప లోపలికొచ్చి మాట్లాడితే గట్టెక్కినట్లే. లేకపోతే మన బతుకు బజారుపాలే."

ఎండ ఎక్కింది. మెట్ల మీద ఒక కుర్రాడు మూలిగాడు. చెంగల్రాయుడి పై ప్రాణాలు పైనే పోయాయి. వీడికేమైనా అయితే ఊరు ఊరుకుంటుందా? నీళ్ళ చెంబు పట్టుకుని లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. పాపం, ఆ మనిషికి భయం అలాంటిది.

బస్సు హారన్ వినిపించింది.

కాసేపటికి గొడుగు పట్టుకుని, కోటు తొడుక్కున్న ఒకాయన వీధిలో కనిపించాడు. చెంగల్రాయుడు లోపలి నుంచే చెయ్యెత్తాడు. దేవుడా, ఇటే రానీ!

"ఒచ్చినాడ్రోయ్ కంపెనీవోడు! దాటమను, సూద్దాం!"

మట్టిపెడ్డ ఒకటి లేచి ఆయన బూట్ల దగ్గర పగిలింది. కోటాయన పడుకున్న కుర్రాళ్ళను చూశాడు. లోపల చెయ్యెత్తి పిలుస్తున్న చెంగల్రాయుణ్ణి చూశాడు. గొడుగు ముడిచి, వచ్చిన దారినే పరుగులాంటి నడక అందుకున్నాడు. బస్సు ఇంకా కదల్లేదు గనుక సరిపోయింది.

వీధిలో ఈలలు, చప్పట్లు. చెంగల్రాయుడి చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

అప్పుడు మునిరత్నం లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు. ఈ మూడు రోజులూ గడప బయటే ఉన్నవాడు మొదటిసారి లోపలికి అడుగు పెట్టాడు. వెనక మరో ఇద్దరు. సుభద్రమ్మ పరుగెత్తుకొచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది.

చెంగల్రాయుడు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

"మమ్మల్ని ఇడిసిపెట్టు నాయనా! నీకు పున్నెముంటాది. రేపే అంగడి మూసేసి వి.కోటకు పోతాం. మల్లా ఈ ఊరి మొకం సూడం."

మునిరత్నం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వంగి, ఆ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

"యాల మామా అంత మాటంటావు, ఆ మలుపులో కంపెనీవోడి అంగడి దెబ్బకు ఊర్లో మనోళ్ళ కాఫీ అంగడని మిగిలింది నీదొక్కటే, మా పానం పోయినా దీన్ని వాడికి అమ్మనీము, మూయనీము!"