బోర్బన్‌కి ఆరు అర్థాలు

మిషను మూడోసారి కూడా హేమ వేలిని గుర్తుపట్టలేదు. ఎర్ర లైటు వెలిగించి ఊరుకుంది.

"రొయ్యల షెడ్డులో రెండేళ్ళు తొక్క వలిస్తే గీతలేటి మిగుల్తాయే," అంటూ అరుణజ్యోతి ఆమెని పక్కకి జరిపి, హేమ నంబరు తనే కొట్టింది. ఆర్నెల్లుగా రోజూ ఇదే తంతు. హేమ హాజరు జ్యోతి చేతుల్లో ఉంటుంది.

బరంపురంలో ఒక మొబైల్ షాపు మీది అంతస్తులో వాళ్ళ ఆఫీసు. పని, ఎక్కడో తయారవుతున్న కంప్యూటరుకి మాటలు నేర్పడం. స్క్రీను మీద ఇంగ్లీషు వాక్యం వస్తుంది. అందులో రంగేసిన మాటకి అక్కడ ఏ అర్థమో కింద బటన్లలో ఒకటి నొక్కాలి. కంప్యూటరు మహా తెలివైనదే, కాకపోతే బిస్కెట్టుకీ సీసాకీ తేడా బరంపురం అమ్మాయిలు చెప్పాలి.

ఆవేళ మాట బోర్బన్. మురళీమోహన్ సారు కాగితం చూసి చదివాడు. చాక్లెట్టు బిస్కెట్టు, మొక్కజొన్నతో చేసే విస్కీ, ఫ్రాన్సునేలిన రాజులు, అమెరికాలో ఒక వీధి, ఒక రకం కాఫీ, ఒక రకం గులాబీ. హేమకి వీటిలో బిస్కెట్టు ఒక్కటే తెలుసు. అదీ జ్యోతి తెచ్చిపెడితే తిన్నది.

ఇద్దరికీ అవే రెండొందల వాక్యాలు. సబ్మిట్ కొట్టేదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, కొట్టాక బ్రహ్మ కూడా మార్చలేడు, ఆరింటికి సిస్టం మూసేస్తారు అని సారు రోజూ చెప్పేదే చెప్పాడు. తర్వాత కొత్తది చెప్పాడు. కంపెనీ సీట్లు తగ్గిస్తోంది. వీళ్ళ బల్లకి ఇంక ఒక్క సీటే. ఇవాళ ఎవరివి తప్పులెక్కువో వాళ్ళు సోమవారం నుంచి రానక్కర్లేదు. "ఠిక్ అఛి?" అని ఒరియాలో, సరేనా అన్నట్టు అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయాడు.

హేమ తన వేళ్ళకేసి చూసుకుంది. వాళ్ళమ్మ గురువమ్మ ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉంది, తెల్లారకముందే ఐసు నీళ్ళలో చేతులు పెడుతుంది. చేరిన కొత్తలో ఈ ఆఫీసు ఏసీ చల్లదనానికే హేమ ఉలిక్కిపడేది.

"నాకింక షెడ్డే జ్యోతక్కా."

జ్యోతి తలుపు మీది కెమెరాకేసి ఓసారి చూసి, తన స్క్రీనుని మెల్లగా హేమ వైపు తిప్పింది.

"నేనేటి పెడితే అదే పెట్టు. ఇద్దరికీ ఒకే మార్కులొస్తే ఎవుర్ని తీస్తాడు? బొమ్మా బొరుసూ ఎగరేస్తాడా?"

"దొరికితే నీది కూడా పోతాది కదా అక్కా."

"నోరు మూసుకుని నొక్కు."

మధ్యలో బోర్బన్ బిస్కెట్ల పొట్లం విప్పి పెట్టింది. హేమకి కళ్ళలో నీళ్ళు తిరిగి మొదటి రెండు వాక్యాలూ సరిగ్గా కనపడలేదు. కనపడాల్సిన అవసరం కూడా లేదు.

పదకొండో వాక్యంలో ఆగింది. బోర్బన్లు పోయాక దేశం ఊపిరి పీల్చుకుందట. హేమ రాజులు నొక్కి, జ్యోతి స్క్రీను చూసింది. అక్కడ విస్కీ అని ఉంది.

"అక్కా, ఇది రాజులేమో."

"మీ పొడంపేటలో సారా కొట్టు మూసేసినప్పుడు ఆడోళ్ళు ఏటి సేసారే?"

"ఊపిరి పీల్సుకున్నారు."

"మరి?"

హేమ నవ్వి, రాజుల్ని తీసేసి విస్కీ పెట్టింది. ఆ తర్వాత పాతికసార్లు ఆమె అనుకున్నది ఒకటీ, జ్యోతి పెట్టింది ఇంకొకటీ అయ్యాయి. వాసన బావుందంటే గులాబీ అనుకుంది, జ్యోతి కాఫీ పెట్టింది. మళ్ళీ అడగలేదు. జ్యోతక్క టౌన్లో పుట్టింది, ఇంజినీరింగ్ చదివింది. తనకేం తెలుసు, బిస్కెట్టు తప్ప.

నాలుగూ పదికి రెండొందలూ అయ్యాయి. ఛత్రపూర్ మీదుగా పోయే నాలుగున్నర బస్సు తప్పితే హేమకి ఊరు చేరే దారి లేదు. కళ్ళు మూసుకుని సబ్మిట్ కొట్టేసింది.

"నువ్వు కొట్టవా అక్కా?"

"ఇద్దరం ఒకేపాలి కొడితే ఆయనకి డౌటు రాదేటి? నా ఇల్లు ఈ సందు సివరే కదా, నేను నెమ్మదిగా కొడతాను. నువ్వు ఎల్లు."

హేమ లేచింది, వెళ్ళలేదు. జ్యోతి చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. జ్యోతికి ఆ గరుకు తగిలింది.

"సోమవారం అమ్మనడిగి ఎండు నెత్తళ్ళ సేపలు తెస్తాను. నీకోసమని ఏరి మరీ ఎండబెడతాది."

"సర్లే, బస్సెల్లిపోతాది," అంటూ జ్యోతి తలుపు దాకా వచ్చి, మిషనులో హేమ నంబరు తనే కొట్టింది. ఈసారి పచ్చలైటు వెలిగింది.

కిటికీలోంచి చూస్తూ నిలబడింది. హేమ రోడ్డు దాటి, వెనక్కి తిరిగి చెయ్యూపి, బస్సెక్కింది. జ్యోతి కూడా ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది.

వచ్చి కూర్చుని, స్క్రీనుని తన వైపు తిప్పుకుంది. పొట్లంలో మిగిలిన ఒక్క బిస్కెట్టూ తిని, వేళ్ళు దులుపుకుని, గడియారం చూసింది. ఆరింటికి ఇంకా గంటన్నర ఉంది.

పదకొండో వాక్యం తెరిచి, విస్కీ తీసేసి, రాజులు నొక్కింది.