నడకకు తగ్గ పాట

“ఇది వద్దు బుల్లీ. దీనికి నడిస్తే రైలందుకోవడానికి పరిగెడుతున్నట్టుంటుంది,” అంటూ మాస్టారు క్లారినెట్ నోట్లోంచి తీశాడు.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న కూతురు పాటల నోటుపుస్తకంలో మరో పేజీ తిప్పింది. “మరి ఇది?”

“అది మరీ నీరసం. నువ్వు సగం దూరం వచ్చేసరికి చుట్టాలంతా కునుకు తీస్తుంటారు.”

నలభై ఏళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించిన మనిషి ఆయన. బ్యాండు చెదిరిపోయి చాలాకాలమైనా వీధిలో అందరికీ ఇప్పటికీ మాస్టారే. రెండు వరసల కుర్చీల మధ్యనుంచి పెళ్లికూతురు నడిచి వచ్చేటప్పుడు ఏం వాయించాలనే విషయంలో ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. పాట తొందరపెట్టకూడదు, బరువెక్కకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్ల పెళ్లికొడుకు దగ్గరికి చేరకముందే అయిపోకూడదు. అయిపోతే మిగిలిన ఆ నాలుగడుగుల్లో చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. ఎంతమంది ఆడపిల్లల్ని ఆ దారిన నడిపించిందో ఆయన ఊపిరి. తీరా సొంత కూతురి వంతు వచ్చేసరికి ఒక్క పాటా మనసుకు పట్టడం లేదు.

“మా పెళ్లిలో ఏమైందో తెలుసా నీకు?”

“చెప్పు నాన్నా,” అంది ఆమె, పుస్తకం ఒళ్లో పెట్టుకుని.

“మా బ్యాండు వాళ్లే వాయించారు. డ్రమ్ము వాడికి నామీద ప్రేమ ఎక్కువైపోయి ఊపు పెంచుకుంటూ పోయాడు. మీ అమ్మేమో పాటతో సమంగా అడుగెయ్యాలని నేర్చుకుని వచ్చింది. వాడు పెంచినకొద్దీ ఈవిడా పెంచింది. మీ తాతయ్య సగం దారిలోనే వెనకబడిపోయాడు. ఈవిడొక్కతే వచ్చి నా ముందు ఆయాసపడుతూ నిలబడింది. ‘అంత తొందరేంటమ్మా’ అని హాలంతా ఒకటే నవ్వు.”

ఆయన చివరి మాట అనేలోపే కూతురు నవ్వేసింది. పెళ్లి కుదిరిన పిల్ల, నవ్వు పెదవుల మీదే ఉంటుంది మరి, అనుకున్నాడు మాస్టారు. కిటికీ వెలుగులో ఆమె చెవి పక్కన ఒక తెల్లవెంట్రుక మెరిసింది. పెళ్లి పనులతో పిల్ల నలిగిపోతోందని ఆయనకు జాలేసింది.

“ఇంతకీ అబ్బాయి ఏం చేస్తాడన్నావు? చెప్పే ఉంటావులే. నా బుర్ర ఈమధ్య చిల్లుకుండ అయిపోయింది.”

పేజీ తిప్పబోతున్న ఆమె చెయ్యి ఆగింది. “లిఫ్టులు బాగుచేస్తాడు నాన్నా.”

“లిఫ్టులా?” మాస్టారు కాసేపు ఆలోచించాడు. “అయితే ఎలాగైనా పైకొచ్చే మనిషే.”

ఆమె తల దించుకుంది. “ఆ మాట మళ్లీ అను నాన్నా.”

“ఏ మాట, పైకొస్తాడనా? వస్తాడు. చేతిలో పనున్నవాడు, నీకు నచ్చినవాడు. నాకింకేం కావాలి?”

ఆమె కళ్లు తుడుచుకుంది. పెళ్లి ముందు ఆడపిల్లలకు కన్నీళ్లు ఊరికే వస్తాయి, తాను ఎంతమందిని చూడలేదు. ఏమీ గమనించనట్టు క్లారినెట్‌ను గుడ్డతో తుడవసాగాడు. తుడుస్తూ తుడుస్తూ ఏదో కూనిరాగం అందుకున్నాడు.

“అమ్మ బట్టలు మడతపెడుతూ పాడేది కదూ అది?” అంది కూతురు.

“అదే. మాటల్లేవు, పేరూ లేదు, అందుకే పుస్తకంలో ఎక్కలేదు. దుప్పటి రెండు కొసలు నీకిచ్చి రెండు తను పట్టుకునేది. నువ్వు అటునుంచి నడిచొచ్చి కొసలు కలిపేదానివి. నీ నడకెంతో ఆ పాటంత.”

క్లారినెట్ ఎత్తాడు. మొదట్లో ఊపిరి తడబడింది గాని, వేళ్లు తడబడలేదు. ఎండలో ఆరిన బట్టల వెచ్చదనమేదో గదిలోకి వచ్చినట్టయింది. వాయించడం ఆపి క్లారినెట్ మంచం మీద పెట్టాడు.

“ఇదే నాన్నా,” అంది ఆమె.

“ఇదే. మరి నడకకు సరిపోతుందో లేదో చూసుకోవద్దూ? లే.”

బీరువాలోంచి బ్యాండు కోటు తీసి తొడుక్కున్నాడు. ఇత్తడి గుండీలు ఆమె పెట్టింది. బాల్కనీ తలుపు దగ్గర నిలబడి మోచెయ్యి అందించాడు. ఆమె చెయ్యి వేసింది. ఆయన కూనిరాగం తీస్తుంటే ఇద్దరూ మెల్లగా కదిలారు.

“నేల చూడకు. అతణ్ణి చూడు,” అన్నాడు రాగం మధ్యలో.

పదిహేడు అడుగులకు బీరువా వచ్చింది. పాట సరిగ్గా అక్కడే అయిపోయింది.

“ఇక్కడ నిన్ను అతనికి అప్పజెప్పి నేను పక్కకి తప్పుకుంటాను,” అన్నాడు గాని తప్పుకోలేదు. ఆమె కూడా చెయ్యి తియ్యలేదు.

“పెళ్లి ఎప్పుడన్నావు?”

“ఆదివారం.”

“చూస్తూండు, అందరికంటే ముందొచ్చి కూర్చునేది నేనే.”

“తెలుసు నాన్నా,” అంది ఆమె. “ఇంకోసారి నడుద్దామా?” అని అడిగింది.

మాస్టారు కోటు సర్దుకుని, బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్లి, మళ్లీ మోచెయ్యి అందించాడు.

పదకొండేళ్ల కిందట జరిగిన ఆమె పెళ్లికి ఆయన రానన్నాడు.